కల్లంలోని ధాన్యానికి గణన యంత్రం కాపలా
సూపర్ కంప్యూటర్ల నుంచి క్వాంటం, జీవ గణన దాకా: ఉత్తర తెలంగాణకు ఒరిగేదేమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: యాసంగి వరి కోతలు సాగే ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర తెలంగాణ రైతాంగం ఆకాశం వంక చూస్తూ రోజులు గడుపుతుంది. తేమ 17 శాతానికి మించకుండా ఉంటేనే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూకానికి నోచుకుంటుంది. అంతవరకు వడ్ల రాశులు కల్లాల్లో, రోడ్ల అంచున ఆరవలసిందే. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో జనవరి నుంచి తవ్వే పసుపు కొమ్ములను ఉడకబెట్టి రోజుల తరబడి ఎండలో ఆరబోస్తారు. జగిత్యాల తోటల్లో మామిడి కాయ కోతకు వచ్చేదీ వేసవిలోనే. ఒక్క రాత్రి కురిసే అకాల వర్షం, ఒక్క గంట వీచే ఈదురుగాలి పంటకాలమంతా పడిన కష్టాన్ని నీటిపాలు చేయగలదు. వాన పడే అవకాశం ఎంత ఉందో ముందుగానే లెక్కగట్టి చెప్పగలిగే యంత్రాలు పుణె, నోయిడా నగరాల్లో ఉన్నాయి. అవే సూపర్ కంప్యూటర్లు.

ఉన్నతస్థాయి గణన అనగానే అది రాజధానులకు, పరిశోధనాలయాలకు పరిమితమైన వ్యవహారమన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. అయితే ఆ లెక్కకు కావలసిన వర్షపాతం వివరాలు బయలుదేరేదీ, లెక్క తేలాక ఫలితం చేరవలసిందీ మండల కేంద్రాలకు, గ్రామాలకేనన్నది గమనార్హం. సూపర్ కంప్యూటర్లు, వాటి తరువాతి దశగా భావిస్తున్న క్వాంటం గణన, జీవ గణన విధానాల స్వరూపం, ఈ ప్రాంతంతో వాటికి గల సంబంధం ఈ కింది విధంగా ఉన్నాయి.

సాంచాకూ కంప్యూటర్‌కూ చుట్టరికం

సిరిసిల్ల పట్టణం మరమగ్గాలకు పెట్టింది పేరు. స్థానికంగా వీటిని సాంచాలు అంటారు. బతుకమ్మ చీరల నేత 2017లో ఇక్కడి సాంచాలపై మొదలయ్యాక, చీర అంచుల్లో డిజైన్ల కోసం డాబీ అమరికలను కూడా వినియోగంలోకి తెచ్చారు. డాబీలో పట్టీకి బిగించిన మేకు ఉన్నచోట నిర్ణీత పడుగు పోగులు పైకి లేస్తాయి, లేనిచోట కిందనే ఉంటాయి. ఆ సందులోంచి పేక సాగి డిజైన్ ఏర్పడుతుంది.

ఇదే సూత్రాన్ని మరింత విస్తృతంగా అమలు చేసిన యంత్రం జకార్డ్ మగ్గం. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో దీనిని రూపొందించారు. అట్టముక్కలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. అంటే డిజైన్ మొత్తం ‘ఉంది, లేదు’ అన్న రెండు గుర్తులతో అట్టపైకి ఎక్కుతుంది. నేటి కంప్యూటర్ ఉపయోగించే ఒకటి, సున్నాల పద్ధతికి మూలం ఇదే తరహా ఆలోచన. ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ బాబేజ్ 1830 దశకంలో తలపెట్టిన గణన యంత్రానికి ఈ అట్టలనే ఎంచుకున్నారు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్కించారు. ఆయన స్థాపించిన సంస్థ విలీనాల అనంతరం 1924లో ఐ.బి.ఎం.గా పేరు మార్చుకుంది. మగ్గం నుంచి మొదలైన ఈ వరుస క్వాంటం యంత్రాల దాకా సాగిన తీరును ఈ వ్యాసంలోని తరువాతి భాగాలు తెలియజేస్తాయి.

నిరాకరణ నుంచి స్వావలంబనకు

ఒకే సమస్యను వేలాది భాగాలుగా విడగొట్టి, వేలాది ప్రాసెసర్లతో ఏకకాలంలో లెక్కించే యంత్రమే సూపర్ కంప్యూటర్. వంద మంది కూలీలు ఒకే మడిలో వరుసగా నిలిచి నాటు వేసినట్లు ఇందులో పని సాగుతుంది. ఒక మనిషి ఎంత చురుకైనవాడైనా ఒంటరిగా అంత నాటు వేయలేడు. అయితే వంద మంది వరుస తప్పకుండా సాగాలంటే పక్కవారితో సమన్వయం అవసరం. సూపర్ కంప్యూటర్ల నిర్మాణంలోనూ ప్రాసెసర్ల మధ్య సమాచార మార్పిడే అతి క్లిష్టమైన అంశం.

1980 దశకంలో భారత్ కోరిన స్థాయి సూపర్ కంప్యూటర్‌ను ఇచ్చేందుకు అమెరికా నిరాకరించింది. వాతావరణ అంచనాల కోసం మాత్రమే క్రే సంస్థ యంత్రాన్ని సరఫరా చేయడానికి అంగీకరించింది. ఈ నేపథ్యంలో 1988లో సి-డాక్ సంస్థ ఏర్పాటైంది. విజయ్ భట్కర్ సారథ్యంలో ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 1991లో పరమ్ 8000 యంత్రాన్ని సిద్ధం చేశారు. అదే కాలంలో హైదరాబాద్‌లో డి.ఆర్.డి.ఓ. ఆధ్వర్యంలో 1988లో నెలకొల్పిన అనురాగ్ సంస్థ ‘పేస్’ పేరిట సమాంతర గణన యంత్రాన్ని రూపొందించింది. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల ‘ఫ్లోసాల్వర్’ను, బాబా అణు పరిశోధన కేంద్రం ‘అనుపమ్’ను తయారు చేశాయి.

కేంద్ర ప్రభుత్వం 2015లో రూ.4,500 కోట్ల అంచనా వ్యయంతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను ఆమోదించింది. దీని కింద విద్యాసంస్థల్లో పరమ్ శ్రేణి యంత్రాలను నెలకొల్పారు. హైదరాబాద్ ఐ.ఐ.టి.లోని ‘పరమ్ సేవ’ సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు. అనగా సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు చేయగలదు.

గడి ఎంత చిన్నదైతే అంచనా అంత దగ్గర

వాతావరణాన్ని లెక్కించే పద్ధతి సూత్రప్రాయంగా సరళమైనదే. భూమి ఉపరితలాన్ని, దానిపైనున్న గాలిని గడులుగా విభజిస్తారు. ప్రతి గడిలో ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం ఎంతో నమోదు చేస్తారు. తరువాతి కొద్ది నిమిషాల్లో అవి ఎలా మారతాయో భౌతికశాస్త్ర సమీకరణాలతో లెక్కిస్తారు. వచ్చిన ఫలితం నుంచి మళ్లీ తరువాతి కొద్ది నిమిషాలను లెక్కిస్తారు. ఇలా రోజుల తరబడి ముందుకు సాగుతారు.

మధ్యకాలిక అంచనాల జాతీయ కేంద్రం 1988లో ఏర్పడిన తొలినాళ్లలో వినియోగించిన నమూనాలో గడి వెడల్పు సుమారు 150 కి.మీ. అంటే ఒక్కో గడి విస్తీర్ణం 22,500 చదరపు కి.మీ. పూర్వపు ఉమ్మడి కరీంనగర్ జిల్లా మొత్తం విస్తీర్ణం సుమారు 11,800 చదరపు కి.మీ. మాత్రమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటినీ కలుపుకొన్న ప్రాంతం కన్నా గడి ఎన్నో రెట్లు పెద్దది. వాటిని వేరువేరుగా చూసే వీలే ఆ యంత్రానికి లేదు.

పుణెలో ‘ప్రత్యూష్’, నోయిడాలో ‘మిహిర్’ యంత్రాలు 2018లో అంకితమయ్యే నాటికి గడి వెడల్పు 12 కి.మీ.కు తగ్గింది. 2024 సెప్టెంబరు 26న 11.77 పెటాఫ్లాప్‌ల సామర్థ్యం గల ‘అర్క’ పుణెలోనూ, 8.24 పెటాఫ్లాప్‌ల ‘అరుణిక’ నోయిడాలోనూ ప్రారంభమయ్యాయి. ఒక పెటాఫ్లాప్ అనగా సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు. ఈ సామర్థ్యం ఆధారంగా 2025 మే 26న ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ అమలులోకి వచ్చింది. ఇందులో గడి వెడల్పు 6 కి.మీ.

జగిత్యాల, కోరుట్ల పట్టణాల మధ్య దూరం నేరుగా సుమారు 20 కి.మీ. ఉంటుంది. జగిత్యాల నుంచి సిరిసిల్ల సుమారు 45 కి.మీ. ఆరు కిలోమీటర్ల గడిలో ఈ మూడు పట్టణాలు స్పష్టంగా విడివిడిగా నిలుస్తాయి. ఒక సాధారణ మండలం మూడు, నాలుగు గడులుగా కనిపిస్తుంది. గడి వెడల్పును సగానికి తగ్గించినంత మాత్రాన పని రెట్టింపుతో ఆగదు. గడుల సంఖ్య నాలుగు రెట్లవుతుంది, కాలాన్ని కూడా సగం నిడివి అడుగులుగా విభజించాలి. వెరసి లెక్క ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ప్రతి కొన్నేళ్లకు మరింత పెద్ద యంత్రం అవసరం కావడానికి కారణం ఇదే.

సిరిసిల్ల పట్టణంలోని పలు కాలనీలను 2021 సెప్టెంబరు 7న వరద నీరు ముంచెత్తింది. జిల్లాకంతటికీ ఒకే హెచ్చరిక చాలదని, పట్టణానికి, దాని ఎగువనున్న చెరువులకు ప్రత్యేకమైన అంచనా అవసరమని ఇటువంటి సంఘటనలు నిరూపిస్తున్నాయి.

పొలాస నుంచి పొలానికి

యంత్రం వెలువరించే అంకెలు రైతుకు నేరుగా ఉపకరించవు. వాటిని పంటల భాషలోకి మార్చే బాధ్యతను గ్రామీణ కృషి మౌసం సేవ కింద వ్యవసాయ విశ్వవిద్యాలయాల కేంద్రాలు నిర్వర్తిస్తున్నాయి. ఉత్తర తెలంగాణ మండలానికి సంబంధించి జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పని చేస్తోంది. ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడే సూచనలలో రానున్న ఐదు రోజుల వాతావరణంతో పాటు కోత ఆపాలా, మందు పిచికారీ వాయిదా వేయాలా, ఆరబోసిన పంటపై టార్పాలిన్ కప్పాలా అన్న వివరాలు ఉంటాయి. 2019లో ప్రారంభమైన ‘మేఘదూత్’ యాప్ ద్వారా కూడా ఈ సమాచారం లభిస్తుంది.

ఈ వ్యవస్థకు మరో కొస కూడా ఉంది. తొలి అంకెలు తప్పయితే యంత్రం ఎంత గొప్పదైనా తప్పు ఫలితాన్నే వేగంగా ఇస్తుంది. ప్రారంభంలోని స్వల్ప తేడా రోజులు గడిచేకొద్దీ పెద్ద తేడాగా పరిణమిస్తుందని అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో నిరూపించారు. అందువల్లనే ఒకే అంచనాను కొద్దిపాటి మార్పులతో పలుమార్లు లెక్కించి, ఎన్నింటిలో వర్షం సూచించిందో చూసి అవకాశాన్ని శాతంగా చెబుతారు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. చెట్టు నీడ పడిన, చెత్తతో పూడిన వర్షమాపకం ఒక్కటున్నా ఆ మండలం లెక్క దెబ్బతింటుంది. మండల స్థాయి సిబ్బంది శ్రద్ధ ఇక్కడే కీలకమవుతుంది.

సమాచారం చేరవేతలో భాష ప్రాధాన్యం అంతా ఇంతా కాదు. యంత్రం మనిషి మాటను గుర్తించే విధానంపై దశాబ్దాల పాటు పరిశోధించిన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన తెలుగువారు. కృత్రిమ మేధ రంగంలో కృషికి 1994లో ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నారు. చదవలేని రైతు కూడా ఫోనులో తెలుగులో అడిగి, తెలుగులో సమాధానం వినగలిగే ఏర్పాట్లకు ఈ పరిశోధనలే పునాది. 2025 వానాకాలంలో కృత్రిమ మేధ నమూనాల ఆధారంగా రుతుపవనాల రాకపై 13 రాష్ట్రాల్లోని సుమారు 3.8 కోట్ల మంది రైతులకు కేంద్ర వ్యవసాయ శాఖ సందేశాలు పంపింది.

వేగానికి హద్దు ఎక్కడ?

2022లో అమెరికాలోని ‘ఫ్రాంటియర్’ యంత్రం వెయ్యి పెటాఫ్లాప్‌ల మైలురాయిని దాటింది. 2024 నవంబరులో ‘ఎల్ కాపిటాన్’ దానిని అధిగమించింది. ఫ్రాంటియర్ నడవడానికి సుమారు 20 మెగావాట్ల విద్యుత్తు కావాలి. మనిషి మెదడు సుమారు 20 వాట్లతోనే పనిచేస్తుంది. విద్యుత్ వినియోగం ఒక హద్దు కాగా, చిప్‌లోని ట్రాన్సిస్టర్లను ఇంకా చిన్నవి చేయడంలోని కష్టం మరో హద్దు. ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని శాస్త్రజ్ఞులు భిన్నమైన మార్గాలు అన్వేషిస్తున్నారు. వాటిలో క్వాంటం, జీవ గణనలు ముఖ్యమైనవి.

క్వాంటం గణన: ఆశలు, వాస్తవాలు

ప్రకృతిని అనుకరించాలంటే యంత్రం కూడా ప్రకృతి నియమాలతోనే పనిచేయాలని రిచర్డ్ ఫైన్‌మాన్ 1981లో ప్రతిపాదించారు. సాధారణ కంప్యూటర్‌లో బిట్ ఒక సమయంలో ఒకటిగానో, సున్నాగానో ఉంటుంది. క్వాంటం బిట్, అనగా క్యూబిట్, కొలిచే వరకు ఆ రెండింటి మిశ్రమ స్థితిలో ఉండగలదు. పది క్యూబిట్ల స్థితిని వర్ణించడానికి 1,024 సంఖ్యలు కావాలి. 50 క్యూబిట్లకు వెయ్యి లక్షల కోట్లకు పైగా సంఖ్యలు అవసరం.

అయితే క్వాంటం యంత్రం అన్ని సమాధానాలనూ ఒకేసారి చెబుతుందన్న ప్రచారం సరికాదు. కొలిచిన వెంటనే ఒక్క సమాధానమే మిగులుతుంది. తప్పు సమాధానాలు పరస్పరం రద్దయి, సరైనది మిగిలేలా లెక్కను నడిపించగలిగిన కొన్ని సమస్యలకే ఇది ఉపయుక్తం. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం, అణువుల ప్రవర్తనను లెక్కించడం అటువంటివి. రోజువారీ వర్షపు అంచనాను నేటికీ సూపర్ కంప్యూటర్లే లెక్కిస్తున్నాయి.

అణువుల లెక్కతో వ్యవసాయానికి దగ్గరి సంబంధం ఉంది. యూరియా తయారీకి మూలమైన అమ్మోనియాను కర్మాగారాల్లో అధిక ఉష్ణోగ్రత, అధిక పీడనం వద్ద తయారు చేస్తారు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా అదే పనిని నేల సాధారణ వేడిమిలోనే చేస్తుంది. అందుకు తోడ్పడే నైట్రోజినేజ్ ఎంజైము పనితీరును పూర్తిగా లెక్కించడం నేటి యంత్రాలకు కష్టసాధ్యం. క్వాంటం యంత్రాల నుంచి శాస్త్రజ్ఞులు ఆశిస్తున్న ఫలితాలలో ఇదొకటి. అది ఇంకా సాధ్యం కాలేదు.

అనేక క్వాంటం యంత్రాలను మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు చేరువలో చల్లబరచాలి. స్వల్ప కంపనం, వేడిమి కూడా లెక్కను చెడగొడతాయి. క్యూబిట్లను పెంచేకొద్దీ తప్పులను తగ్గించవచ్చునని 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల ‘విల్లో’ చిప్‌తో చూపింది. భారత ప్రభుత్వం 2023 ఏప్రిల్ 19న రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2030-31 నాటికి 50 నుంచి 1,000 క్యూబిట్ల యంత్రాల నిర్మాణం దీని లక్ష్యాలలో ఒకటి. అమరావతి క్వాంటం వ్యాలీలో టి.సి.ఎస్., ఎల్ అండ్ టి. భాగస్వామ్యంతో 156 క్యూబిట్ల ఐ.బి.ఎం. యంత్రాన్ని నెలకొల్పనున్నట్లు 2025 మే నెలలో ప్రకటన వెలువడింది. రంధ్రాల అట్టలతో జనాభాను లెక్కించిన సంస్థ వారసత్వం ఈ విధంగా కృష్ణా తీరాన్ని తాకింది.

కార్యాలయాలు వెంటనే దృష్టి సారించవలసిన అంశం భద్రత. నేడు బ్యాంకు, భూ రికార్డుల సమాచార రక్షణకు వాడే కొన్ని సంకేత పద్ధతులను శక్తివంతమైన క్వాంటం యంత్రం ఛేదించగలదని పీటర్ షోర్ 1994లో గణితపరంగా చూపారు. అంతటి యంత్రం నేడు లేదు. కానీ నేడు దొంగిలించి దాచిన సమాచారాన్ని అది వచ్చాక విప్పే ప్రమాదం ఉంది. దీనిని ఎదుర్కొనే కొత్త సంకేత ప్రమాణాలు మూడింటిని అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో విడుదల చేసింది. దశాబ్దాలు భద్రపరచవలసిన రికార్డుల విషయంలో ముందుజాగ్రత్త తప్పనిసరి.

జీవ గణన: పరీక్షనాళికలో లెక్క

జీవశాస్త్రానికి, గణనకు సంబంధం రెండు విధాలు. మొదటిది జీవపదార్థంతోనే లెక్కించడం. అమెరికా శాస్త్రవేత్త లియోనార్డ్ ఆడ్ల్‌మన్ 1994లో ఏడు ఊళ్లను ఒక్కొక్కసారి మాత్రమే తాకే దారిని కనుగొనే సమస్యను డి.ఎన్.ఎ. పోగులతో పరీక్షనాళికలో సాధించారు. కోట్ల కొద్దీ పోగులు ఏకకాలంలో అతుక్కొని సాధ్యమైన దారులన్నింటినీ రూపొందిస్తాయి, వాటిలోంచి సరైనదానిని వేరుచేస్తారు. సమస్య పెరిగేకొద్దీ కావలసిన డి.ఎన్.ఎ. పరిమాణం విపరీతంగా పెరగడం దీని పరిమితి. సమాచారాన్ని దీర్ఘకాలం నిల్వ చేయడానికి డి.ఎన్.ఎ.ను ఉపయోగించే ప్రయోగాలు మాత్రం సాగుతున్నాయి.

రెండవది జీవుల రహస్యాలను కంప్యూటర్‌తో చదవడం. ఈ ప్రాంతానికి తక్షణం ఉపకరించేది ఇదే. సాంబ మసూరి, కావ్య రకాలను సంకరపరచి పొలాస శాస్త్రజ్ఞులు రూపొందించిన జగిత్యాల సన్నాలు, అనగా జె.జి.ఎల్. 1798, ఉల్లికోడును తట్టుకునే సన్న రకంగా రైతుల ఆదరణ పొందింది. నాటి పద్ధతిలో మంచి మొక్కను ఎంచుకోవడానికి పంటకాలాల తరబడి పొలంలో పరిశీలించవలసి వచ్చేది. భారత్ సహా పలు దేశాల శాస్త్రజ్ఞులు 2005లో వరి జన్యుక్రమాన్ని ప్రకటించాక పరిస్థితి మారింది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థలు జన్యు గుర్తుల సాయంతో మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చి, ఎండాకు తెగులును తట్టుకునే మేలురకాన్ని తెచ్చాయి. అది 2008లో విడుదలైంది. ఆవు జన్యుక్రమం 2009లో వెల్లడైంది. కోరుట్లలోని పశువైద్య కళాశాల వంటి విద్యాసంస్థల్లో చదువుకునే తరానికి ఇటువంటి సమాచారాన్ని విశ్లేషించే నేర్పు అదనపు అర్హత కానుంది. ప్రోటీన్ల ఆకృతిని కంప్యూటర్‌తో ఊహించిన కృషికి 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కడం ఈ రంగం ప్రాధాన్యాన్ని తెలుపుతుంది.

పాత్రికేయులు, అధికారుల సమాచారం కోసం

1. సూపర్ కంప్యూటర్ల సామర్థ్యాన్ని ఫ్లాప్‌లలో, క్వాంటం యంత్రాలను క్యూబిట్లలో కొలుస్తారు. ఈ రెండు అంకెలను పోల్చడం సరికాదు.
2. క్యూబిట్ల సంఖ్య ఒక్కటే నాణ్యతకు కొలమానం కాదు. లెక్కలో ఎన్ని తప్పులు దొర్లుతున్నాయన్నది అంతకన్నా ముఖ్యం.
3. వర్షానికి 60 శాతం అవకాశం అనగా 60 శాతం ప్రాంతంలో వాన పడుతుందని గాని, 60 శాతం సమయం కురుస్తుందని గాని అర్థం కాదు. అటువంటి అంచనాలు పది వెలువడితే సుమారు ఆరింటిలో వర్షం కురుస్తుందని భావించాలి.
4. వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు రంగు గమనిస్తూ ఉండాలని, నారింజ సిద్ధంగా ఉండాలని, ఎరుపు తక్షణ చర్య తీసుకోవాలని సూచిస్తాయి.

నాచుపల్లిలో 2007లో, సిరిసిల్లలో 2021లో ఏర్పడిన జె.ఎన్.టి.యు.హెచ్. ఇంజనీరింగ్ కళాశాలలు, పొలాస పరిశోధన స్థానం, కోరుట్ల పశువైద్య కళాశాల ఒకదానికొకటి అందుబాటు దూరంలోనే ఉన్నాయి. లెక్క నేర్చినవారు, పంట తెలిసినవారు, పశువు తెలిసినవారు కలిసి పనిచేయడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి అరుదు.

వందల కోట్ల రూపాయల యంత్రం వెలువరించిన అంచనా విలువ అంతిమంగా ఒక రైతు రాశిపై టార్పాలిన్ సకాలంలో పరిచాడా లేదా అన్నదానిపైనే తేలుతుంది. వర్షమాపకం శుభ్రంగా ఉంచడం, మంగళ, శుక్రవారాల సూచనలను అదే రోజు గ్రామంలో చాటించడం, కొనుగోలు కేంద్రంలో టార్పాలిన్లు సిద్ధంగా ఉంచడం వంటి చిన్న పనులు ఆ పెద్ద యంత్రంలో విడదీయరాని భాగాలేనని గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.